వెలుతురున్న చోట సిగ్నల్ లేదు

వంటింట్లో కిటికీ పక్కన నిలబడితే వెలుతురు కావలసినంత ఉంది గాని ఫోన్లో గీతలు లేవు, ముందు గదిలో ఆ ఇంటర్నెట్ పెట్టె కింద నిలబడితే గీతలన్నీ ఉన్నాయి గాని తన చెయ్యి తనకే సరిగ్గా కనపడటం లేదు, రెంటికీ మధ్య గుమ్మంలో నిలబడితే రెండూ సగం సగం, సగం వెలుతురు, సగం సిగ్నల్, సగం ప్రాణం. ఆమె పొద్దుటి నుంచీ ఈ మూడు చోట్ల మధ్యా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది, ఫోను ఎత్తుతోంది, దించుతోంది, గోడకి ఆనిస్తోంది, ఎవరో పెద్దమనిషిని బతిమాలుకుంటున్నట్టు దాని మొహంలోకి చూస్తోంది. కరెంటు లేదు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు మారుస్తున్నారట, చీకటి పడ్డాక గాని రాదట, ఆ కబురు మోసుకొచ్చిన కింది వాటా ఆవిడ ఎంత తాపీగా చెప్పిందో, సినిమా ఆలస్యంగా మొదలవుతుందన్నట్టు. సెల్ టవరు మాటల్ని మోస్తుంది గాని బొమ్మల్ని మొయ్యదు, ఇంట్లో ఇంటర్నెట్ పెట్టె ఒక్కటే బతికి ఉంది, ఆయన ఎప్పుడో కొనిపెట్టిన చిన్న బ్యాటరీ పుణ్యమా అని. వంటింటి దాకా సిగ్నల్‌ని మోసుకొచ్చే రెండో పెట్టె, ఆ బూస్టరు, ప్లగ్గుకి వేలాడుతూ ఉత్త ప్లాస్టిక్ డబ్బాలా ఉంది. ఎమర్జెన్సీ లైటు ఉంది, అది కరెంటు ఉన్నప్పుడు మాత్రమే వెలుగుతుంది. మేడ మీదకి వెళ్ళి చూసింది, అక్కడ ఎండకి ఫోను తెర నల్లగా తన మొహాన్నే చూపించింది. మూడున్నరకి అమ్మని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్తారు. ఆ లోపు అమ్మతో మాట్లాడాలి, అమ్మతో మాట్లాడాలంటే అమ్మకి తన చేతులు కనపడాలి.

వీడియో ఆపేయండి మేడమ్, మాట బాగా వినిపిస్తుంది, అంది ఇంటర్నెట్ కంపెనీ అమ్మాయి, పొద్దున ఫోన్ చేస్తే. ప్రపంచంలో అందరూ చెప్పే సలహా అదే. సిగ్నల్ సరిగా లేదా, వీడియో ఆపెయ్. బొమ్మ ఆగిపోతోందా, ఆగనీ, మాటలు వస్తున్నాయిగా. "మా అమ్మకి వినపడదమ్మా" అంది ఆమె. "అలా అయితే కొంచెం గట్టిగా మాట్లాడండి మేడమ్" అంది అవతలి పిల్ల, ఎంతో మర్యాదగా. మరొక రోజైతే నవ్వుకునేది, రాత్రి ఆయనకి చెప్పి నవ్వించేది కూడా, ఇవాళ నవ్వే ఓపిక లేదు, కోప్పడే ఓపిక అసలే లేదు, సరే తల్లీ అని పెట్టేసింది. గట్టిగా మాట్లాడటమే తన ఉద్యోగం. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఫలానా ఊరు వెళ్ళే బస్సు ఫలానా చోట సిద్ధంగా ఉంది అని రోజంతా అరిచే గొంతు తనది, మూటలు నెత్తిన పెట్టుకున్నవాళ్ళు ఆ గొంతు విని పరుగెత్తుతారు, పిల్లలు ఏడుపాపి తలెత్తుతారు, ఆ గొంతుని జీవితంలో ఒక్కసారి కూడా వినని మనిషి ఒక్క అమ్మే. నువ్వేం పని చేస్తావు అని అమ్మ అడిగినప్పుడు నోటి ముందు పిడికిలి పెట్టి, చేతులు బార్లా చాపి, అంతమందికీ దారి చూపిస్తానని చెప్పింది. అమ్మ చాలాసేపు ఆలోచించి, పోలీసువా, అని అడిగింది. అంతమందిని బస్సులెక్కించే మనిషికి తను ఎక్కవలసిన బస్సు మాత్రం ఈ రాత్రికి గాని లేదు. ఆపరేషన్ ఎల్లుండి అన్నారు కదా అని ఈ రాత్రి బస్సుకి టికెట్టు తీసుకుంది, నిన్న సాయంత్రం డాక్టరమ్మ మళ్ళీ చూసి, కంటి లోపలి పొర ఇంకా ఊడుతోంది, రేపే చేసెయ్యాలి, ఆలస్యమైతే చూపు దక్కదు అంది. ఉన్నవి రెండు కళ్ళే అయినా అమ్మకి చూపున్నది ఒక్కదానికే, రెండోది చిన్నప్పుడు ఏదో జ్వరంలో పోయింది, దానికి తెలిసేది పగలా రాత్రా అన్నంత వరకే.

ఆ ఒక్క కన్నే అమ్మకి చెవి, ఆ ఒక్క కన్నే అమ్మకి ఇరుగూ పొరుగూ, కబుర్లూ కాకరకాయలూ. దానికి కట్టు కడతారు. అంతేకాదు, కంట్లోకి గాలి బుడగ ఏదో ఎక్కిస్తారట, అది వెళ్ళి పొరని వెనక గోడకి అదిమిపెట్టాలట, అందుకని వారం రోజులు బోర్లా పడుకునే ఉండాలట, తల తిప్పకూడదు, లేచి కూర్చుని ఇటూ అటూ చూడకూడదు. ఇదంతా నిన్న రాత్రి అన్నయ్య ఫోన్లో చెబుతుంటే ఆమె పక్క మీంచి లేచి నిలబడింది. ఎందుకంటే అమ్మ ఇంట్లో భుజం మీద చెయ్యి పడిందంటే దానికి ఒకటే అర్థం, ఇటు తిరుగు, నీతో మాట్లాడాలి. పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో అందరూ అలాగే పిలుచుకున్నారు. రేపు నర్సు మందు వెయ్యడానికి వచ్చి భుజం తడుతుంది, అమ్మ తిరుగుతుంది. అన్నయ్య నీళ్ళు తెచ్చి తడతాడు, అమ్మ తిరుగుతుంది. తిరగక ఏం చేస్తుంది, చీకట్లో ఎవరో తాకితే తిరగకుండా ఉండగలిగే మనిషెవరు. తిరిగిన ప్రతిసారీ ఆ బుడగ జరుగుతుంది, పొర ఊడుతుంది, చేసిందంతా బూడిదలో పోసినట్టవుతుంది. అమ్మకి అది ముందే చెప్పాలి, కట్టు కట్టక ముందే, చూపు ఉండగానే. కట్టు పడ్డాక చెప్పడానికి, రేపు తను వెళ్ళేదాకా, అక్కడ ఎవరికీ దారి లేదు.

అన్నయ్య చెప్పబోయాడు పాపం. అన్నయ్యకి వచ్చిన సైగలు అన్నం, నీళ్ళు, రా, పో, జ్వరం, తలుపు వేసుకో, ఇంతే, మిగతావి హాస్టల్లో చేరిన ఏడాదికే చేతుల్లోంచి జారిపోయాయి. కన్ను చూపించాడు, కత్తి చూపించాడు, బోర్లా పడుకోమని అరచెయ్యి తిరగేసి చూపించాడు. అమ్మ అతన్ని ఎగాదిగా చూసి, చేతులు కట్టుకుంది. అమ్మ చేతులు కట్టుకుందంటే నోరు మూసుకున్నట్టే, తలుపు గడియ పెట్టుకున్నట్టే, ఇంక దేవుడొచ్చినా మాట్లాడదు. పొద్దున అన్నయ్య ఫోన్ చేసి, "నా వల్ల కావట్లేదే, నువ్వే చెప్పు, ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర కూడా వెయ్యనంటోంది" అన్నాడు, ఆ గొంతులో ఏడుపు దాచుకోలేక దగ్గాడు. అప్పుడే వీడియో కలిపారు. గుమ్మంలో నిలబడి ఆమె మొదలుపెట్టిందో లేదో బొమ్మ ఆగిపోయింది. తెర మీద అమ్మ మొహం సగం గడులు గడులుగా, ఒక చెయ్యి గాల్లో. అటువైపు కూడా ఇంతే, తను ఫొటోలా నిలిచిపోయి ఉంటుంది. బొమ్మ ఆగిపోవడమంటే ఏమిటో అమ్మకి తెలియదు, ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు, కూతురు ఏదో ఆలోచించుకుంటోందని అనుకుంటుంది, తొందరపెట్టకుండా ఎదురుచూస్తుంది. పొద్దున కూడా అలాగే ఎదురుచూసిందట, చాలాసేపు, ఆ ఒక్క కన్నుతో, రెప్ప వెయ్యకుండా.

మొహం కడుక్కుందామని వంటింట్లోకి వెళ్ళింది, కుళాయి తిప్పింది, మోటారు ఆడకపోతే నీళ్ళెక్కడివి, నిజమే, కరెంటు లేదు. బిందెలో నీళ్ళు చేత్తో తీసుకుని కళ్ళకి కొట్టుకుంది. చిన్నప్పుడు సాయంకాలాలు కరెంటు పోతే అన్నయ్య ఒక్క గెంతులో బయటపడి పొరుగువాళ్ళ అరుగెక్కేవాడు, చీకట్లో కూడా అక్కడ మాటలుండేవి, వాడికి మాటలు కావాలి, వాడి తప్పేముంది. తను అమ్మ దగ్గరే ఉండిపోయేది. చీకటి పడితే అమ్మకి మాటలు ఆగిపోతాయి కదా, అందుకని అమ్మ కూతురి రెండు చేతులూ పట్టుకుని వాటిలోనే తన చేతులతో మాట్లాడేది, పిండి కలుపుతున్నట్టు, వెచ్చగా, మెల్లగా, ఆకలేస్తోందా, దీపం పెట్టనా, భయమా, నేనున్నానుగా. ఆ చేతులకి ఎప్పుడూ సబ్బు వాసన. కొన్ని రాత్రులు పక్క గదిలోంచి లేచి వెళ్ళి అమ్మ పక్కన దూరదామంటే అదొక చిక్కు, భుజం తడితే అమ్మ అదిరిపడి లేచి కూర్చుని అగ్గిపెట్టె వెతుక్కునేది, పిలుపంటే చూడాలి కదా మరి. అందుకే తను భుజం తట్టేది కాదు. ఇంకేదో చేసేది, అమ్మ లేవకుండా, కదలకుండా, వచ్చింది కూతురేనని తెలిసేట్టు ఏదో. ఏం చేసేది? ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. అలసిపోయిన బుర్ర ఎండిన స్పాంజిలా ఉంది, ఎంత పిండినా చుక్క రాలడం లేదు. చీర కొంగుతో మొహం తుడుచుకుని తలెత్తితే పొయ్యి మీద అద్దంలో ఎవరో ముసలావిడ కనిపించింది, ఓ క్షణం అమ్మనుకుంది, తనే.

అద్దం. పొయ్యి గట్టుకి పైన, మనిషంత అద్దం. వచ్చిన చుట్టాలందరూ నవ్వే అద్దం, ఆయన మొదట్లో "వంట చేస్తూ కూడా సింగారమేనా" అని ఏడిపించి, తర్వాత అలవాటుపడిపోయిన అద్దం. అమ్మ ఇంట్లో ప్రతి మూలా ఒక అద్దం ఉండేది, పొయ్యి దగ్గర, బట్టలు కుట్టే మిషను దగ్గర, తలుపుకెదురుగా, ఎక్కడ తల వంచుకుని పని చేసుకుంటున్నా వెనక ఎవరు వచ్చారో అమ్మకి తెలియాలి కదా. తను కాపురం పెట్టినప్పుడు అమ్మ అన్నింటికంటే పెద్దదాన్ని బస్సులో వేయించుకుని, దారంతా దాన్ని పట్టుకుని నిలబడి తెచ్చింది. పెరటి మెట్ల మీదుగా జనం నేరుగా వంటింట్లోకే వచ్చే ఇల్లు ఇది, తలుపు సరిగ్గా నీ వెనకుంటుంది, ఎవరొచ్చారో ఎలా తెలుస్తుంది నీకు, అంది, వేళ్ళు ఆడిస్తూ. నాకు వినపడుతుందిగా అమ్మా, అని చెప్పింది తను. అమ్మ ఆ సంగతి ఎప్పటికీ మర్చిపోతూనే ఉంటుంది, తనలాంటి పిల్లకి వినికిడి ఎందుకుంటుందిలే అన్నట్టు. నవ్వొచ్చి, ప్రేమొచ్చి, మేకులు కొట్టించి పెట్టింది. ఇన్నేళ్ళూ ఆ అద్దాన్ని తుడవడమే గాని దాన్ని అద్దంగా ఎవరు చూశారు. సిగ్నల్ రావడం లేదని లైన్‌మన్‌ని పిలిస్తే గోడలు మందమండీ అన్నాడు, ఫ్రిజ్జు అడ్డమన్నాడు, ఫ్రిజ్జు జరిపించాడు. బూస్టరు కొంటే సరిపోతుందన్నాడు, కొన్నారు. పోతూ పోతూ, రేకులూ బీరువాలూ అద్దాలూ దారిలో ఉంటే సిగ్నల్ తిరగ్గొట్టేస్తాయండీ, చూసుకోండి, అన్నాడు కూడా. అద్దమంటే పడగ్గదిలోది అనుకున్నారు ఇద్దరూ, దాన్ని తీసి పక్క గోడకి మార్చారు. ఇది ఎవరికీ గుర్తు రాలేదు. ఇంటర్నెట్ పెట్టె సరిగ్గా ఈ గోడకి అవతలే ఉంది.

స్టూలు లాక్కుని ఎక్కింది. నడుం కలుక్కుమంది. మేకులు తుప్పు పట్టి ఉన్నాయి, అద్దం వెనక బూజు, నూనె జిడ్డు, వెండి పూతంతా అక్కడక్కడ పెచ్చులు. ఎంత బరువో, జారితే పాదాల మీదే, పగిలితే, వద్దు, అది ఆలోచించకూడదు, అమ్మ బస్సులో నిలబడి మోసుకొచ్చిన అద్దం. ఎలాగో కిందికి దించి, గుమ్మం దగ్గరున్న ఫ్రిజ్జుకి వాలుగా ఆనించి, పరుగున కిటికీ దగ్గరికి వెళ్ళి ఫోను చూసింది. ఒక గీత వచ్చింది. రెండోది వచ్చింది. ప్రాణం లేచొచ్చి, అన్నయ్యకి వీడియో కలిపింది, ఆసుపత్రి గోడ కనిపించింది, అన్నయ్య చొక్కా కనిపించింది, ఆగిపోయింది. రెండో గీత పోయింది. గోడ మందం గోడదే, అద్దం తీసినంత మాత్రాన అది పలచనవుతుందా. ఇంక చేసేదేమీ లేదు. స్టూలు మీద కూర్చుండిపోయింది, చేతులు ఒళ్ళో వేసుకుని, ఈ చేతులు ఇంతదూరం ఎందుకున్నాయో అన్నట్టు వాటినే చూసుకుంటూ. ఏడుపు రాలేదు, దానిక్కూడా బలం కావాలి. రాత్రి నిద్ర లేదు, మొన్న లేదు, అమ్మ కన్ను మసకేస్తోందని అన్నయ్య చెప్పిన దగ్గర్నుంచీ లేదు. కళ్ళు మూసుకుంటే బాగుంటుందనిపించింది. మూసుకుని, ఇదే అమ్మకి వారం రోజులూ అనుకుని, వెంటనే తెరిచింది.

తెరిస్తే ముందు గది వెలిగిపోతోంది. పక్క ఇంటి గోడకి మొహం పెట్టుకున్న ఆ గది, పట్టపగలు కూడా లైటు వేసుకునే గది, ఇంటర్నెట్ పెట్టె కింద సోఫా, సోఫా మీద పాత దుప్పటి, దాని మీద ఒక మనిషంత ఎండ. పెట్టెకున్న చిన్న పచ్చ దీపం ఆ వెలుగులో కనపడకుండా పోయింది. కిటికీలోంచి వాలిన ఎండ ఫ్రిజ్జుకి ఆనించిన అద్దం మీద పడి, అక్కడి నుంచి గుమ్మంలోంచి దూరి నేరుగా వెళ్ళి అక్కడ కూర్చుంది. ఆమె పొద్దుటి నుంచీ సిగ్నల్‌ని వెలుతురు దగ్గరికి ఈడ్చుకురావాలని ప్రాణం తీసుకుంది, వెలుతురే అటు నడిచి వెళ్ళగలదని తట్టలేదు.

లేచిందో, ఎగిరిందో, సోఫాలో కూర్చుని, ఎదురుగా కుర్చీ లాగి దాని మీద డబ్బాల ఊతంతో ఫోను నిలబెట్టింది. కంట్లో ఎండ గుచ్చుతోంది, గుచ్చనీ. తెర మీద తన చేతులు, వేలి గీతలతో సహా. కలిపింది. అన్నయ్య చిన్నగా, స్పష్టంగా కనిపించాడు, పెదాలు ఏదో అంటున్నాయి, శబ్దం పెట్టనే లేదు, అమ్మ ఫోన్లకి శబ్దం పెట్టే అలవాటు వాళ్ళింట్లో లేదు. ఫోను ఊగి, మంచం ఎదురుగా దేనికో ఆనింది. అమ్మ. ఆకుపచ్చ ఆసుపత్రి గౌను, నెత్తికి గుడ్డ, కట్టుకున్న చేతులు. ఆమె తన కణత మీద వేలు పెట్టింది, అది తన పేరు, చిన్నప్పుడు తగిలిన దెబ్బ మచ్చ చూసి అమ్మ పెట్టింది. అమ్మ చేతులు విడివడ్డాయి. మొదట అడిగింది ఏమిటంటే, తిన్నావా, మొహమేమిటి అలా పీక్కుపోయింది. తిన్నానని అబద్ధం చెప్పింది. తర్వాత మొదలుపెట్టింది, మెల్లగా, ఏ వేలూ తడబడకుండా. కంట్లో ఒక పొర, గోడ మీది కాగితంలా ఊడింది. దాన్ని మళ్ళీ అంటిస్తారు. కన్ను తియ్యరు, అంటిస్తారు. అమ్మ కన్ను పెద్దదైంది, మళ్ళీ చెప్పు అంది, మళ్ళీ చెప్పింది. అంటుకునే దాకా బోర్లా పడుకోవాలి. వారం. కట్టు ఉంటుంది. చీకటి. ఎవరు తాకినా తిరగకూడదు. అమ్మ చేతులు ఆగిపోయాయి. పోయిందా బొమ్మ, లేదు, అమ్మ మింగింది, గొంతు కదిలింది. తిరగకపోతే ఎవరో నాకెలా తెలుస్తుంది, అంది అమ్మ. ఎవరైనా రావచ్చు. ఏమైనా చెయ్యవచ్చు. నాకెలా తెలుస్తుంది. ఆ మొహంలో భయం అంత తేటగా ఇదివరకెప్పుడూ చూడలేదు ఆమె. భుజం తడితే తిరగొద్దు, మనవాళ్ళు తాకే గుర్తు ఇంకెక్కడైనా పెట్టుకుందాం, ఎక్కడ చెప్పు, మోచెయ్యా, నడుమా, అని అడుగుతోంది, ఎండ మెల్లగా జరిగి తన ఎడమ చేతి మీంచి జారిపోతోంది, తనూ సోఫాలో పక్కకి జరుగుతోంది, ఎండ వెంట, అది ఎంత జరిగితే అంత. అమ్మ అటు ఇటు చూసింది. ఉన్నట్టుండి గౌను కాస్త పైకి లాగి, కాలెత్తి, పాదం తీసుకొచ్చి తెరకి అడ్డంగా పెట్టింది. తెర నిండా పాదం, పగుళ్ళ మడమ, వంకర చిటికెన వేలు. అన్నయ్య వెనక నుంచి కంగారుగా ఆపబోయాడు. అమ్మ తన బొటనవేలు తనే గుప్పిట్లో పట్టుకుని చూపించింది. మర్చిపోయావా, దొంగపిల్లా, ఇలా పట్టుకునేదానివి, నేను లేచేదాన్నా?

బొటనవేలు. చీకట్లో పాక్కుంటూ వెళ్ళి, దుప్పటి చివర్లోంచి చెయ్యి దూర్చి, అమ్మ బొటనవేలు గుప్పిట్లో పట్టుకునేది. నేనే, లేవక్కర్లేదు, అని. అమ్మ ఆ వేలిని ఒక్కసారి వంచేది, సరే, రా, అని. అంతే, అంతే. ఇప్పుడు వచ్చింది ఏడుపు, ఎండలో మొహమంతా వేడిగా, కళ్ళు తుడుచుకోకుండానే రెండు చేతులూ ఎత్తి, అవును, అదే, అంది. శబ్దం పెట్టి అన్నయ్యని కూడా పిలిచి చెప్పింది, ఇది నేర్చుకో, నర్సులందరికీ చెప్పు, నేను వచ్చేదాకా నువ్వే పట్టుకో. అన్నయ్య తలూపాడు, చేత్తో సరే అన్నాడు, తప్పుగానే అన్నాడు, అమ్మ దిద్దింది. తర్వాత అమ్మ ఎవరూ చెప్పకుండానే మంచం మీద బోర్లా తిరిగింది. దిండులో మొహం దాచుకుని, చేతులు పక్కల పెట్టుకుని, పరీక్ష పెట్టండి అన్నట్టు పడుకుంది. అన్నయ్య కాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఒక క్షణం మొహమాటపడి, బొటనవేలు గుప్పిట్లో పట్టుకున్నాడు.

తెర మీద ఏమీ కదలడం లేదు. ఆకుపచ్చ వీపు, వంగిన అన్నయ్య తల, పట్టుకున్న చెయ్యి. ఆమె గీతలు చూసింది, నిండుగా ఉన్నాయి, అయినా గీతల్ని ఎలా నమ్మడం, పొద్దున కూడా ఉన్నట్టే ఉండి మోసం చేశాయి. పైకి చూసింది, పెట్టె మీది పచ్చ దీపం నారింజ రంగుకి తిరిగింది, బ్యాటరీ అయిపోవస్తోంది. ఆగిపోయిందా. అమ్మ తిరుగుతూ ఉంటే తను పాత బొమ్మని చూస్తోందా. ఎండ ఒళ్ళోంచి జారి సోఫా చివరికి వెళ్ళిపోయింది, ఇప్పుడు తన చేతులు అమ్మకి కనపడవు, ఫరవాలేదు, అమ్మ ఇటు చూడటం లేదు. వెతికింది, తెరంతా వెతికింది, కదిలేది ఏదైనా ఉందా అని, అన్నయ్య వేళ్ళు, దుప్పటి అంచు, మందు సీసా.

మంచం వెనక ఆసుపత్రి కర్టెన్ గాలికి మెల్లగా ఉబ్బింది, మళ్ళీ గోడకి చేరింది, మళ్ళీ ఉబ్బింది.

బొమ్మ ఆగలేదు. అమ్మే, అలా కదలకుండా ఉంది.